హాట్‌స్వాప్ పవర్ చిప్‌కి లినక్స్ డ్రైవర్ రాయాలంటే (బోర్డు ఆరిపోకుండా)

నడుస్తున్న సర్వర్‌ని ఆపకుండానే ఒక కార్డు లాగేసి ఇంకోటి గుచ్చుతుంటారు చూశారా, అక్కడ నిప్పురవ్వలు లేవకుండా చూసుకునేది ఒక చిన్న చిప్. దాన్నే హాట్‌స్వాప్ కంట్రోలర్ అంటారు. కొత్త కార్డు మీద కెపాసిటర్లన్నీ ఎండిన చెరువులా ఖాళీగా ఉంటాయి, 12 వోల్టుల లైన్ తగలగానే గుటగుటా తాగేస్తాయి. దారిలో మొత్తం రెసిస్టెన్స్ 20 మిల్లీఓమ్‌లే ఉందనుకోండి, మొదటి క్షణంలో లెక్క ప్రకారం 600 ఆంపియర్లు! అంతలో సగం వచ్చినా పక్క కార్డుల వోల్టేజీ పడిపోతుంది, కనెక్టర్ పిన్నులు నల్లబడతాయి. అందుకే ఈ చిప్ దారిలో ఒక మాస్‌ఫెట్ (గేటుతో నడిచే ఎలక్ట్రానిక్ స్విచ్) పెట్టుకుని, దాని గేటుని తూము తలుపు ఎత్తినట్టు మెల్లగా ఎత్తుతుంది. 4700 మైక్రోఫారాడ్‌ల కెపాసిటర్‌ని 10 మిల్లీసెకన్లలో నింపితే 5.6 ఆంపియర్లతో పని అయిపోతుంది.

ఇదంతా చిప్ తనంతట తానే చేసుకుంటుంది, మన సాఫ్ట్‌వేర్‌తో దానికి పనే లేదు. మరి డ్రైవర్ ఎందుకూ అంటే, కరెంటు ఎక్కువైందో లేదో తెలుసుకోవడానికి సెన్స్ రెసిస్టర్ ఎలాగూ పక్కనే ఉంది కాబట్టి చిప్ వాళ్లు లోపల ఒక ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చేది) కూడా పెట్టేసి, వోల్టేజీ, కరెంటు, పవర్, వేడి అన్నీ ఐ2సీ (చిప్‌లు మాట్లాడుకునే రెండు తీగల బస్) మీద చెప్పే ఏర్పాటు చేశారు. ఆ అంకెల్ని లినక్స్‌లోకి తెచ్చి పెట్టేదే మన డ్రైవర్. చాలావరకు రెండు మూడొందల లైన్లలో అయిపోతుంది, కోడ్ కష్టం కాదు. తంటా తెచ్చేవి రెండే: మీరు ఏ బోర్డు మీద కూర్చున్నారో దానికే కరెంటు ఇచ్చే చిప్‌ని కెలుకుతున్నారు, పైగా మీ లెక్క మొత్తం చిప్‌లో లేని ఒక వస్తువు మీద, అంటే బోర్డు మీద అతికించిన ఆ రెసిస్టర్ మీద, ఆధారపడి ఉంది. సీ భాష వచ్చు, కర్నల్ ఒకసారైనా బిల్డ్ చేశారు అనుకుని మిగతాది చెప్తాను. కోడ్ ఇక్కడ దింపను, కర్నల్ సోర్స్ తెరిచి పక్కన పెట్టుకోండి, ఏ ఫైల్లో ఏం చూడాలో చెప్తూ పోతాను.

అసలు రాయాలా?

ముందు ఇది చూడండి, సగం మందికి పని ఇక్కడే తీరిపోతుంది. కర్నల్ సోర్స్‌లో డ్రైవర్స్ ఫోల్డర్, దానిలో హెచ్‌డబ్ల్యూమాన్ (వోల్టేజీ, వేడి లాంటి కొలతల డ్రైవర్లుండే చోటు), దానిలో పీఎంబస్ (పవర్ చిప్‌లతో ఐ2సీ మీద మాట్లాడే ప్రామాణిక భాష). అక్కడ ఏడీఎం1275 అనే ఒక్క ఫైలే ఏడీఎం1075, 1272, 1275, 1276, 1278, 1293, 1294 ఇన్నింటిని మోస్తోంది. ఎల్ఎం25066 ఫైల్ కూడా అంతే, ఎల్ఎం25056, ఎల్ఎం5064, ఎల్ఎం5066 అన్నీ దాని ఇంట్లోనే. మీ చిప్ వీటికి చుట్టమైతే కొత్త డ్రైవర్ ఎందుకండీ, ఒక ఐడీ, నాలుగు కోఎఫిషియంట్లు (చిప్ ఇచ్చే అంకెని వోల్టులు, ఆంపియర్లుగా మార్చే లెక్క అంకెలు) చేరిస్తే సరిపోతుంది, మెయింటెయినర్లకి కావాల్సింది కూడా అదే.

చుట్టరికం లేకపోతే డేటాషీట్ మొదటి పేజీలో పీఎంబస్ అనే మాట ఉందేమో చూడండి. ఉంటే అదృష్టం, కర్నల్‌లో పీఎంబస్ కోర్ అనేది ముప్పావు వంతు పని చేసి పెడుతుంది. లేకపోతే రెగ్‌మ్యాప్ (రిజిస్టర్లు చదవడానికి, రాయడానికి కర్నల్ ఇచ్చే సదుపాయం) పెట్టుకుని రిజిస్టర్లు మీరే చదివి హెచ్‌డబ్ల్యూమాన్‌కి అందించాలి. అది నేర్చుకోవాలంటే ఎల్‌టీసీ4215 ఫైల్ చదవండి: ఏడు రిజిస్టర్లు, ఎనిమిది బిట్ల ఏడీసీ, ఒక గంటలో అయిపోతుంది. పాతది కాబట్టి రెగ్‌మ్యాప్ కనపడదు గానీ ఈ జాతి చిప్ ఎలా ఆలోచిస్తుందో తెలుస్తుంది. అందులో ఒక చోట సెన్స్ రిజిస్టర్ విలువని 151తో హెచ్చించి 4తో భాగిస్తారు. 151 అంటే ఒక్కో మెట్టుకి 151 మైక్రోవోల్టులు, సరే. ఆ 4 ఏంటి? 4 మిల్లీఓమ్‌ల రెసిస్టర్ అని కోడ్‌లోనే బిగించేశారు. మీ బోర్డు మీద 2 మిల్లీఓమ్‌లు ఉంటే అసలు కరెంటులో సగమే చూపిస్తుంది. ఈ రెసిస్టర్ గొడవ మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇక్కడి నుంచి పీఎంబస్ చిప్ అనుకుని, ఏడీఎం1278 అంకెలతో చెప్తాను, మీ చిప్ అంకెలు మీరు వేసుకోండి.

చేతికి దొరికిన కమాండ్ కొట్టకండి

డ్రైవర్ రాయకముందే చిప్‌తో మాట్లాడి చూడాలి. ఐ2సీ టూల్స్‌తో చేసేయొచ్చు, కానీ బస్ మొత్తం స్కాన్ చేయడం కన్నా స్కీమాటిక్ తెరిచి అడ్రస్ పిన్నులు ఎటు కట్టారో చూసి అడ్రస్ లెక్కేసుకోవడం మంచిది. చదవడానికి ఐ2సీగెట్ వాడండి, ఐ2సీసెట్ జోలికి అసలు పోకండి. ఎందుకంటే పీఎంబస్‌లో హెక్స్ 01 అనేది ఆపరేషన్ కమాండ్, దానికి సున్నా రాస్తే చిప్ మాస్‌ఫెట్‌ని మూసేస్తుంది. మీ ప్రాసెసర్‌కి వచ్చే కరెంటు కూడా ఆ మాస్‌ఫెట్ గుండానే వస్తుంటే ఇక మళ్లీ 80 రాసి ఆన్ చేద్దామన్నా రాయడానికి ఎవరున్నారు? కూర్చున్న కొమ్మని నరుక్కోవడం అంటే ఇదే. నేను చేశాను, రాత్రి పదకొండున్నరకి, రిమోట్‌గా. బోర్డు వేరే ఊళ్లో ల్యాబ్‌లో ఉంది, పొద్దున ఎవరో వచ్చి ప్లగ్ పీకి పెట్టేదాకా చేసేదేం లేక పడుకున్నాను.

కాబట్టి మొదటి ప్రశ్న చిప్ గురించి కాదు, బోర్డు గురించి: మీరు నడుపుతున్న లినక్స్ ఈ చిప్‌కి ఎగువన ఉందా, దిగువన ఉందా? సర్వర్లలో మామూలుగా బీఎంసీ (సర్వర్‌ని కనిపెట్టుకుని ఉండే చిన్న కంప్యూటర్) స్టాండ్‌బై కరెంటు మీద ఎగువన ఉంటుంది, హోస్ట్ (అసలు సర్వర్) దిగువన ఉంటుంది, అప్పుడు భయం లేదు. దిగువన ఉంటే మాత్రం రిమోట్ పవర్ స్విచ్ ఒకటి ఏర్పాటు చేసుకున్నాకే ముందుకెళ్లండి.

ఇప్పుడు చదవండి. హెక్స్ 99 దగ్గర తయారీదారు ఐడీ, 9ఏ దగ్గర మోడల్ పేరు ఉంటాయి, రెండూ బ్లాక్ రీడ్‌తో వస్తాయి. తర్వాత హెక్స్ 88 దగ్గర వర్డ్ రీడ్ చేయండి, అది ఇన్‌పుట్ వోల్టేజీ. 0930 అని వచ్చిందనుకోండి, అంటే దశాంశంలో 2352. ఇది ఎన్ని వోల్టులు?

లెక్క: ఎం, బీ, ఆర్

డైరెక్ట్ ఫార్మాట్ అంటారు దీన్ని. డేటాషీట్‌లో ఒక పట్టిక ఉంటుంది, ప్రతి కొలతకి ఎం, బీ, ఆర్ అని మూడు అంకెలు. అసలు విలువని ఎంతో హెచ్చించి, బీ కలిపి, పది టు ద పవర్ ఆర్‌తో హెచ్చిస్తే రిజిస్టర్‌లో కనపడే కోడ్ వస్తుంది. ఏడీఎం1278 వోల్టేజీకి ఎం 19599, బీ సున్నా, ఆర్ మైనస్ 2. తిప్పి లెక్కేస్తే 2352ని వందతో హెచ్చించి 19599తో భాగించాలి, 12.0 వోల్టులు. మల్టీమీటర్ కూడా అదే అంటే మీ చిప్, మీ అడ్రస్, మీ పట్టిక మూడూ సరైనవే.

కరెంటు దగ్గరే అసలు కథ. పట్టికలో ఎం అంటే 800 ఇంటూ సెన్స్ రెసిస్టర్, అదీ మిల్లీఓమ్‌లలో, అని రాసుంటుంది. బీ 20475, ఆర్ మైనస్ 1. కరెంటు సున్నా ఉన్నప్పుడు కోడ్ సున్నా కాదు, 2047కీ 2048కీ మధ్య, అంటే స్కేలు నడిమధ్య ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లు చిప్ పాడైందనుకుంటారు, కాదు, కరెంటు వెనక్కి పారినా చూపించగలగాలని అలా పెట్టారు.

ఇప్పుడు మీ బోర్డు మీద అర మిల్లీఓమ్ రెసిస్టర్ ఉంది, 18 ఆంపియర్లు పోతున్నాయి. ఎం 400 అవుతుంది. 400 ఇంటూ 18 అంటే 7200, దానికి 20475 కలిపితే 27675, పదో వంతు 2767. డ్రైవర్‌కి రెసిస్టర్ సంగతి చెప్పలేదనుకోండి, అది 1 మిల్లీఓమ్ అనుకుంటుంది, ఎం 800 పెట్టుకుంటుంది, అదే 2767ని చూసి 9 ఆంపియర్లు అంటుంది. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, 9 అనేది నమ్మేలాగానే ఉంటుంది, అదే దీనిలో విషం. మేము ఇలాంటి సగం అంకెల్ని చాలా రోజులు నమ్మాం. కొత్త బోర్డు కరెంటు తక్కువ తింటోందని సంబరపడి రిపోర్టు కూడా పంపాం. తీరా చూస్తే స్కీమాటిక్‌లో 1 మిల్లీఓమ్ రెసిస్టర్లు రెండు పక్కపక్కన ప్యారలల్‌గా ఉన్నాయి, మాలో ఎవరూ రెండోదాన్ని చూడలేదు. కాబట్టి స్కీమాటిక్‌లో రెసిస్టర్లు లెక్కపెట్టండి, ఆ తర్వాత బోర్డు మీద కళ్లతో కూడా చూడండి, స్కీమాటిక్ తర్వాత మార్చి ఉండొచ్చు.

ఇప్పుడు కోడ్

పీఎంబస్ డ్రైవర్ ఇన్ఫో అనే స్ట్రక్చర్ ఒకటి నింపాలి, డ్రైవర్ అంటే ముఖ్యంగా అదే. పేజీలు ఎన్ని (హాట్‌స్వాప్ చిప్‌కి మామూలుగా 1), ఏ కొలత ఏ ఫార్మాట్, వాటి ఎం, బీ, ఆర్, ఇంకా ఫంక్ అనే ఫీల్డ్‌లో ఈ చిప్‌కి ఏమేం ఉన్నాయో చెప్పే బిట్లు: ఇన్‌పుట్ వోల్టేజీ ఉంది, అవుట్‌పుట్ కరెంటు ఉంది, ఇన్‌పుట్ పవర్ ఉంది, టెంపరేచర్ ఉంది, ఫలానా స్టేటస్ రిజిస్టర్లు ఉన్నాయి. లేనిదాన్ని ఉందని చెప్పకండి, ఉన్నదాన్ని మర్చిపోకండి, సిస్ఎఫ్ఎస్‌లో (కర్నల్ తన అంకెల్ని ఫైళ్లుగా చూపించే చోటు) ఫైళ్లన్నీ దీన్ని చూసే పుడతాయి.

ప్రోబ్ ఫంక్షన్‌లో (చిప్‌కి డ్రైవర్ తగిలించేటప్పుడు కర్నల్ పిలిచేది) వరస ఇలా పెట్టుకోండి. ఐ2సీ అడాప్టర్‌కి బైట్ రీడ్, బ్లాక్ రీడ్ వచ్చో రాదో అడగండి. తయారీదారు ఐడీ, మోడల్ చదివి మీరు అనుకున్న చిప్పేనా చూడండి, కాకపోతే మర్యాదగా నో డివైస్ అని వెనక్కి తిరగండి. డెవ్‌ఎం కేజడ్‌ఆలొక్‌తో ఇన్ఫో తీసుకోండి. షంట్ (అదే మన సెన్స్ రెసిస్టర్) విలువ చదవండి. ఎం లెక్కేయండి. చివరికి పీఎంబస్ డూ ప్రోబ్‌ని పిలవండి, ఇక మిగతాది కోర్ చూసుకుంటుంది. పాత ట్యుటోరియల్స్‌లో ప్రోబ్‌కి రెండు ఆర్గ్యుమెంట్లు కనపడతాయి, ఇప్పుడు క్లయింట్ ఒక్కటే, కాపీ కొట్టేటప్పుడు చూసుకోండి. పీఎంబస్ నేమ్‌స్పేస్ ఇంపోర్ట్ చేసే లైన్ కూడా మర్చిపోవద్దు, 6.13 నుంచి దాన్ని డబుల్ కోట్స్‌లో పెట్టాలి, పాత పద్ధతిలో రాస్తే కంపైల్ కాదు.

ఎం లెక్కేసేటప్పుడు కర్నల్‌లో ఫ్లోటింగ్ పాయింట్ లేదని గుర్తుందిగా. అందుకే షంట్‌ని మైక్రోఓమ్‌లలో తీసుకుంటారు. 800 ఇంటూ 500, బై 1000, వచ్చింది 400. ముందు హెచ్చించి తర్వాతే భాగించండి, ముందే భాగిస్తే 500 బై 1000 సున్నా అయి కూర్చుంటుంది. పవర్‌కి సంబంధించిన ఎంని కూడా ఇలాగే సవరించాలి, కరెంటుది సరిచేసి పవర్‌ది వదిలేసిన ప్యాచ్‌లు నేను రివ్యూలో చూశాను. ఏడీఎం1278లో బీని మాత్రం ముట్టుకోకండి. ఎవరైనా షంట్ సున్నా అని ఇస్తే అక్కడే ఇన్వాలిడ్ అని ఆపేయండి.

చిప్‌కి సొంత తిక్కలు ఉంటాయి, వాటికి రీడ్ వర్డ్ డేటా అనే కాల్‌బ్యాక్ ఉంది. ఉదాహరణకి ఈ చిప్‌లు ఇప్పటిదాకా వచ్చిన అత్యధిక కరెంటుని, వోల్టేజీని సొంత రిజిస్టర్లలో దాచుకుంటాయి, అవి పీఎంబస్ స్టాండర్డ్‌లో లేవు. కోర్ వర్చువల్ రిజిస్టర్ పేరుతో అడుగుతుంది, మీరు హెక్స్ డీ0 లాంటి అసలు అడ్రస్ చదివి ఇవ్వాలి. మీకు సంబంధం లేని రిజిస్టర్ అడిగితే మైనస్ ఈనోడేటా ఇవ్వండి, అంటే 'నువ్వే చూసుకో' అని. ఈ చిప్‌లో అసలు లేని రిజిస్టర్ అయితే మైనస్ ఈఎన్ఎక్స్ఐఓ. ఈ రెండూ తారుమారైతే ఉన్న ఫైళ్లు మాయమవుతాయి, లేనివి పుడతాయి.

ఇంకో తిక్క: ఏడీఎం1278లో అవుట్‌పుట్ వోల్టేజీ, టెంపరేచర్ కొలవడం మొదట్లో ఆఫ్‌లో ఉంటుంది. పీమాన్ కాన్ఫిగ్ రిజిస్టర్‌లో ఆ బిట్లు ఆన్ చేస్తేనే అంకెలు వస్తాయి. ఏడీఎం1275 ఫైల్లో చూడండి, ప్రోబ్‌లోనే ముందు చదివి, ఆ బిట్లు లేకపోతేనే రాస్తారు, ఉన్నవాటిని చెరపరు. అదే పద్ధతి పాటించండి, ఎందుకంటే మీకన్నా ముందు బూట్‌లోడర్ ఏం సెట్ చేసిందో మీకు తెలియదు.

డివైస్ ట్రీ, ఇంకా ఆ 30 సెకన్లు

రెసిస్టర్ విలువని కోడ్‌లో బిగించకండి. డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ చిప్ ఎక్కడుందో కర్నల్‌కి చెప్పే వివరాల ఫైల్) దీనికి అందరూ వాడే ప్రాపర్టీ ఉంది, షంట్-రెసిస్టర్-మైక్రో-ఓమ్స్, మన బోర్డుకి 500. లేకపోతే 1000 అనుకోవడం ఆనవాయితీ. డివైస్ ట్రీ లేకుండా ఐ2సీ బస్ కింద న్యూ డివైస్ ఫైల్‌లోకి పేరు, అడ్రస్ ఎకో చేసి డ్రైవర్ ఎక్కించి టెస్ట్ చేస్తారు కొందరు, తప్పు లేదు, కానీ అప్పుడు ఈ 500 ఎక్కడినుంచీ రాదు, కరెంటు సగమే కనపడుతుంది.

కొందరికి చిప్‌ని రెగ్యులేటర్‌గా కూడా చూపించాలని ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌తో ఆన్, ఆఫ్ చేయొచ్చని. ఏడీఎం1275లో ఆ సౌకర్యం ఉంది. అవసరం లేకపోతే వద్దు అనేది నా మాట. ఉంటే మాత్రం ఇది చదవండి: బూట్ అయ్యాక దాదాపు 30 సెకన్లకి కర్నల్ రెగ్యులేటర్లన్నీ చూసి, ఎవరూ వాడనివాటిని కరెంటు ఆదా అని ఆపేస్తుంది. మీ హాట్‌స్వాప్ రెగ్యులేటర్‌ని ఏ డ్రైవరూ అడిగి తీసుకోలేదు కదా, పాపం దాని దృష్టిలో అది పనిలేని రెగ్యులేటరే. టక్. బోర్డు చక్కగా బూట్ అవుతుంది, లాగిన్ వస్తుంది, మీరు పాస్‌వర్డ్ కొట్టి రెండు కమాండ్లు కొట్టేలోగా ఆరిపోతుంది. ప్రతిసారీ అదే టైముకి. అది చూసి పవర్ సప్లై మార్చినవాళ్లు, కెపాసిటర్లు మార్చినవాళ్లు ఉన్నారు. మందు చిన్నదే, డివైస్ ట్రీ నోడ్‌లో రెగ్యులేటర్-ఆల్వేస్-ఆన్ అని పెట్టండి. అనుమానం తీర్చుకోవాలంటే కర్నల్ కమాండ్ లైన్‌లో రెగ్యులేటర్_ఇగ్నోర్_అన్‌యూజ్డ్ పెట్టి బూట్ చేయండి, ఆరిపోకపోతే దొంగ దొరికినట్టే.

సాక్ష్యం చెరిగిపోకముందే

షార్ట్ అయితే చిప్ మాస్‌ఫెట్‌ని మూసేసి, ఎందుకు మూసిందో స్టేటస్ రిజిస్టర్లలో రాసిపెడుతుంది. హెక్స్ 79 స్టేటస్ వర్డ్, 7బీ కరెంటు సంగతి, 7సీ ఇన్‌పుట్ సంగతి, 80 తయారీదారు సొంత గోడు. అయితే పీఎంబస్ కోర్ డ్రైవర్ ఎక్కేటప్పుడు క్లియర్ ఫాల్ట్స్ కమాండ్ పంపుతుంది, పాత గుర్తులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. రాత్రి బోర్డు ఎందుకు ట్రిప్ అయిందో కావాలంటే పీఎంబస్ డూ ప్రోబ్ పిలవకముందే ఆ నాలుగు రిజిస్టర్లు చదివి లాగ్‌లో పడేసుకోండి. పైకి, అంటే అసలు లినక్స్ కర్నల్‌కి, పంపే ప్యాచ్‌లో ఈ లాగ్ లైన్లు వద్దంటారు, కాబట్టి అది మీ సొంత కర్నల్ సోర్స్ కాపీలో ఉంచుకోండి, లేదా బూట్‌లోడర్‌లోనే చదివేయండి. ఇంకోటి, ఫాల్ట్ క్లియర్ చేసినంత మాత్రాన మూసుకున్న మాస్‌ఫెట్ తెరుచుకోదు, ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయాలి.

టెస్టింగ్

మాడ్యూల్ ఎక్కాక హెచ్‌డబ్ల్యూమాన్ క్లాస్ కింద మీ చిప్ పేరుతో ఫోల్డర్ వస్తుంది. హెచ్‌డబ్ల్యూమాన్3, 4 అనే నంబర్లు నమ్మకండి, అవి బూట్‌బూట్‌కీ మారొచ్చు, లోపల నేమ్ ఫైల్ చూసి పట్టుకోండి. వోల్టేజీ మిల్లీవోల్టుల్లో, కరెంటు మిల్లీఆంపియర్లలో, పవర్ మైక్రోవాట్లలో వస్తాయి. పవర్ చూసి కోట్లలో ఉందేంటని కంగారు పడకండి.

ఎలక్ట్రానిక్ లోడ్ దొరికితే సున్నా, 2, 10, 18 ఆంపియర్లు లాగి నాలుగు రీడింగులు రాసుకోండి. అన్నిచోట్లా ఒకే నిష్పత్తిలో తప్పుంటే రెసిస్టర్ విలువ తప్పు. అన్నిచోట్లా ఒకే అంకె తేడా ఉంటే బీ తప్పు. ఈ ఒక్క చూపుతో చాలా గొడవలు తేలిపోతాయి. మన అర మిల్లీఓమ్ బోర్డులో ఒక్కో మెట్టు 25 మిల్లీఆంపియర్లు, కాబట్టి లోడ్ పూర్తిగా తీసేసినా సున్నా రాదు, 12 గానీ మైనస్ 12 గానీ వస్తుంది (కోడ్ 2048 లేదా 2047). దాన్ని బలవంతంగా సున్నా చేసే కోడ్ రాయకండి. 10 ఆంపియర్ల దగ్గర ఒకటి రెండు శాతం తేడా ఉంటే అది రెసిస్టర్ టాలరెన్స్, సోల్డరింగ్, లేఅవుట్ పుణ్యం, డ్రైవర్‌ది కాదు.

లోడ్ లేదా? మామూలు 12 వోల్టుల కారు హెడ్‌లైట్ బల్బు 55 వాట్లది పెట్టండి, వెలిగాక దాదాపు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఫిలమెంట్ రెసిస్టెన్స్ బాగా తక్కువ కాబట్టి పెట్టిన క్షణంలో ఎక్కువ లాగుతుంది, గరిష్ఠ కరెంటు రిజిస్టర్ పనిచేస్తోందో లేదో కూడా దానితోనే తెలుస్తుంది. అది సున్నాకి రీసెట్ అవుతోందా అన్నది చూడటం చాలామంది మర్చిపోతారు.

పైకి పంపడం

కేకాన్ఫిగ్‌లో ఎంట్రీ, మేక్‌ఫైల్‌లో లైన్, డాక్యుమెంటేషన్ ఫోల్డర్‌లో హెచ్‌డబ్ల్యూమాన్ కింద ఒక ఆర్‌ఎస్‌టీ ఫైల్, ఆ ఫోల్డర్ ఇండెక్స్‌లో దాని పేరు, డివైస్ ట్రీ బైండింగ్ యామల్ ఫైల్. బైండింగ్ ఒక ప్యాచ్, డ్రైవర్ ఇంకో ప్యాచ్, బైండింగే ముందు. చెక్‌ప్యాచ్‌ని స్ట్రిక్ట్ పెట్టి నడపండి, డీటీ బైండింగ్ చెక్ కూడా నడపండి, ఇవి చేయకుండా పంపితే మనుషులు చూడకముందే బాట్‌లు తిడతాయి. హెచ్‌డబ్ల్యూమాన్ మెయింటెయినర్ గెంటర్ రోక్, పీఎంబస్ కోర్ రాసింది కూడా ఆయనే, కాబట్టి కోర్‌లో ఉన్న పనిని మీరు మళ్లీ సొంతంగా రాస్తే ఆయన కళ్లలో పడకుండా పోదు.

ఏ చిప్ మీద, ఏ షంట్‌తో, ఎన్ని ఆంపియర్ల దగ్గర టెస్ట్ చేశారో కవర్ లెటర్‌లో రెండు లైన్లు రాయండి. రెండో వెర్షన్ పంపాల్సి వస్తే, అంటే వస్తుంది, ఏం మార్చారో సంతకం లైన్ కింద ఉండే మూడు గీతల తర్వాత రాయండి, పైన రాస్తే అది కమిట్ మెసేజ్‌లో కలిసిపోయి అక్కడే ఉండిపోతుంది.